మామూలుగా బతకాల్సిన నెల

బస్సు షెడ్డు వెనక వీధి

బావమరిదికి,

ఫోన్లో నీ నోట్లోంచి ‘ఊఁ’, ‘ఆఁ’ తప్ప మూడో మాట రాదు. కాగితం మీదైతే కనీసం నాలుగు ముక్కలు రాస్తావని మళ్ళీ కలం పట్టాను. మీ అక్క బాగానే ఉంది. ఆయాసం కాస్త తగ్గింది. రోడ్డవతల ఆసుపత్రిలో కొత్త డాక్టరమ్మ మందు మార్చింది. మందు కంటే ఆవిడ తిట్లే బాగా పనిచేస్తున్నాయని నా అనుమానం.

అసలు సంగతికొస్తా. మీ కారిడార్ వాళ్ళు, అదే కొత్త రోడ్డు వేసేవాళ్ళు, మా ఊరొచ్చారు. కూడలి దగ్గర గుడారం వేసి, కుర్చీల్లో కూర్చుని, రోడ్డు దాటే ప్రతి బండినీ లెక్కపెట్టారు. సొంత బావ ఊరికి మనుషుల్ని పంపుతూ ఒక్క మాటైనా చెప్పలేదు నువ్వు. నీకంటే మున్సిపాలిటీ గుమస్తా నయం, ముందురోజే చెవిలో వేశాడు.

విన్నవాళ్ళం ఊరుకుంటామా? ఎవరూ పెద్దగా దాటడం లేదని తేలితే దారి మూసేసి గోడ కట్టేస్తారని ఊరంతా భయం. ఎగువన ఎక్కడో అలాగే కట్టారట. ఊరు ఇటు, ఆసుపత్రీ బడీ అటు. గోడ లేచిందంటే మా గతేంటి? అందుకని డ్రైవర్ల సంఘం అధ్యక్షుడి హోదాలో, అంటే నేనే, మీటింగు పెట్టాను. ఆ రోజంతా దాటడమే పని. అటు వెళ్ళడం, ఆసుపత్రి చుట్టూ తిరగడం, ఇటు రావడం. మినీబస్సులు, ఆటోలు, పాల వ్యాను, చివరికి సిమెంటు కలిపే బండి కూడా.

లెక్కపెడుతున్న అమ్మాయి ‘ఇందాకే వెళ్ళారుగా అన్నా?’ అంది. ‘వస్తువు మర్చిపోయా’ అన్నాను. మళ్ళీ వచ్చేసరికి ‘మళ్ళీ మర్చిపోయారా?’ అని నవ్వింది. సాయంత్రానికి నాకు కళ్ళు తిరిగాయి. ఎన్ని బండ్లు రాసుకున్నారో గానీ, పాపం వాళ్ళ చేతులు పడిపోయి ఉంటాయి.

మీ అక్కకు తెలీదు, చెప్పకు. ఇప్పుడు నువ్వు చెప్పు, మా దారి గట్టిపడినట్టేగా? నీ సూత్రాలూ గీత్రాలూ నాకు అర్థం కావు. ఔనో కాదో రాయి చాలు.

నీ బావ

*

ప్లానింగ్ ఆఫీసు, మూడో అంతస్తు

బావకు,

నీ ఉత్తరం అందింది. ఇలాంటివి ఇకమీద నాకు రాయకు. లెక్క గురించి నేను ఔననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. అడగకు.

అక్కకు మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, ఊరికే కూర్చున్నా వస్తోందా? వివరంగా రాయి. బట్టలు ఉతికే పని మానిపించు.

ఎండలు ముదిరేలోగా ఇంటికి కొత్త పైకప్పు వేయిస్తానన్నావు కదా. ఇప్పుడప్పుడే వేయించకు. కారణం అడగకు.

నీ బావమరిది

*

బస్సు షెడ్డు వెనక వీధి

బావమరిదికి,

‘కారణం అడగకు’ అని రాస్తే అడగకుండా ఉండే మనిషిని ఎక్కడైనా చూశావా? నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. పైకప్పుకీ నీ ఆఫీసుకీ ఏంట్రా సంబంధం?

ఆ సంబంధమేదో నిన్న ఇంటికే వచ్చింది. సర్వేవాళ్ళు దిగారు. షెడ్డు వెనక నుంచి మొదలుపెట్టి మా వీధి పొడుగునా ఎర్ర రంగు పూసిన మేకులు కొట్టుకుంటూ పోయారు. ఒకటి మా పెరట్లో, కుళాయి పక్కనే. మీ అక్క వాళ్ళకు టీ ఇచ్చింది. తాగారు, గ్లాసులు కడిగి మరీ ఇచ్చారు, ఒక్క ముక్క చెప్పలేదు. ‘పైవాళ్ళని అడగండి’ అన్నారు. మా పైవాడివి నువ్వే కదా.

ఆసుపత్రి వెనక నది ఉంది. రోడ్డు ఊరిని తప్పించుకుని పోవాలంటే అటు చోటు లేదు, ఇటే రావాలి. అంతవరకూ నా బుర్రకూ అందింది. అందనిది ఒక్కటే. ఉన్న రోడ్డు ఉండగా ఊరిని తప్పించుకోవాల్సిన ఖర్మ దానికెందుకు పట్టింది? ఈ వీధిలో అందరివీ డ్రైవర్ల ఇళ్ళే. సాయంత్రమైతే చాలు, నా గుమ్మం ముందుకొచ్చి నిలబడుతున్నారు. నేను నీళ్ళు నములుతున్నాను. జోకులు వేసే ఓపిక లేదు. నిజం రాయి.

నీ బావ

*

ప్లానింగ్ ఆఫీసు, మూడో అంతస్తు

బావకు,

ఇది నేను రాయకూడని ఉత్తరం. చదివాక దాచుకుంటావో చించేస్తావో నీ ఇష్టం.

మీ ఊరి ముక్క మీద నేనిప్పుడు పనిచేయడం లేదు. గీత పోయే దారిలో సొంత మనుషులుంటే ఆ ముక్క వదిలేసి తప్పుకోవాలన్నది మా నియమం. రాసింది నేనే. పెద్దాయనకు, అంటే మా చీఫ్ ప్లానర్‌కు, అక్క అక్కడ ఉంటుందని చెప్పి తప్పుకున్నాను. నీ ఉత్తరం సంగతి మాత్రం చెప్పలేదు. భయపడ్డాను. నీ కోసమా, నా కోసమా అని అడిగితే విడదీసి చెప్పలేను.

కారిడార్ అంటే నువ్వు ఒక రోడ్డనుకుంటున్నావు. రేవు నుంచి ఎగువ పట్టణాల దాకా రోడ్డు, రైలు, కరెంటు తీగలు కలిసి పోయే పట్టీ అది. అంత పొడుగున ఎవరి ఊరి దగ్గర వాళ్ళు పలుకుబడి వాడి కాస్త అటు, కాస్త ఇటు అని జరిపితే అది ఎక్కడికీ చేరదు. అందుకే ముందు సూత్రాలు రాసి సంతకాలు పెట్టి, ఆ తర్వాతే గీత గీస్తాం. గీత నచ్చలేదని సూత్రం మార్చకూడదు. ఈ పద్ధతి మంచిదనే నేనిప్పటికీ నమ్ముతున్నాను.

మీ కొంప ముంచిన సూత్రం ఇదీ. దూరం పోయేవాళ్ళూ ఊళ్ళో తిరిగేవాళ్ళూ ఒకే చోట ఒకరికొకరు అడ్డు పడితే ప్రాణాలు పోతాయి. కాబట్టి ఊరివాళ్ళు ఒక హద్దు దాటి మరీ ఎక్కువగా రోడ్డు దాటుతున్న చోట, పెద్ద రోడ్డే ఊరిని వదిలి పక్కనుంచి పోవాలి. హద్దులోపు దాటుతుంటే పాత రోడ్డునే వెడల్పు చేసి, ఊరివాళ్ళకు కింద నుంచి దారి ఇవ్వాలి. మీకు గోడ కట్టాలని ఎవరూ అనుకోలేదు. మీరు మామూలుగా ఉండి ఉంటే ఆసుపత్రికి కింద దారి వచ్చేదేమో. రోజంతా తిరిగి తిరిగి రోడ్డును మీ వీధిలోకి మీరే తోలుకొచ్చారు.

ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతావు. భూములు కొనేవాళ్ళ చెవిన పడకూడదని సూత్రాలకు తాళం వేశాం. వాళ్ళకు ఎలాగూ తెలిసిపోయింది, తెలియకుండా పోయింది మీకే.

ఇప్పుడు నేను వెళ్ళి ఆ లెక్క తప్పంటే, అక్క ఇంటి కోసం కథ అల్లానంటారు. ఎవడూ నమ్మడు. చెప్పాల్సింది నువ్వు. మీ మున్సిపల్ హాల్లో ప్రజాభిప్రాయ సభ పెడుతున్నారు. లేచి నిలబడి చెప్పు. ఎలా తిరిగారు, ఎందుకు తిరిగారు, ఏదీ దాచకు. వాళ్ళు ఏమడిగినా ఉన్నదున్నట్టు చెప్పు. సగం చెప్పినవాడిని ఎవరూ నమ్మరు బావా, ఏదీ దాచకు.

నీ బావమరిది

*

బస్సు షెడ్డు వెనక వీధి

మహారాజశ్రీ ప్లానరు గారికి,

అయ్యా, తమరి ఉత్తరం చదివి ధన్యుణ్ణయ్యాను. తమరు తప్పుకున్నా పెన్సిలు తమరి ఆఫీసులోనే ఉంది. వేలెడంత పక్కకు జరిపితే ఒక వీధి నిలబడుతుంది. జరపరు. ఎందుకంటే తమరు సంతకం పెట్టారు.

నన్నేమో హాల్లో నిలబడి దొంగలెక్క చేయించానని చాటుకోమంటారు. డ్రైవర్లు బండ్లు తిప్పింది నా మాట మీద. వాళ్ళలో ఒక్కడికీ తిరగాలని పుట్టలేదు, నేనే పుట్టించాను. రేపు వాళ్ళ పర్మిట్లు పోతే ఎవడు తెచ్చిస్తాడు? తమరా? ఇల్లు పోతే అద్దెకుంటారు, పర్మిటు పోతే ఏం తింటారు?

నీకు స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఎవర్రా? మొదటి రోజే బండిని కాలవలోకి దింపి ఏడుస్తూ నిలబడితే, మీ నాన్న ముందు తప్పు నాదని తల వంచుకున్నది ఎవరు? అప్పుడు నేనేమైనా సూత్రం చూసుకున్నానా?

సభకు వెళ్ళను. నీకింక రాయను.

మీ అక్క భర్త

*

బస్సు షెడ్డు వెనక వీధి

తమ్ముడూ,

మీ ఇద్దరూ నా వెనక ఇన్నాళ్ళుగా ఉత్తరాలు రాసుకుంటున్నారని ఇవాళే తెలిసింది. మీ బావ చొక్కా ఉతుకుతుంటే జేబులో నీది దొరికింది. ఉతికే పని మానమన్నావు, మానేసి ఉంటే ఇది నా కంట పడేది కాదు.

ఆయన్ని ఏమీ అనలేదు. అన్నం పెట్టాను. ఎదురుగా కూర్చుని ‘ఏదో ఒకటి అనవే’ అన్నాడు. అనలేదు. అప్పుడు తనే అంతా చెప్పేశాడు. పిచ్చి మారాజు, నా ఆసుపత్రి దారి పోతుందని భయపడి మొదలుపెట్టాడట ఇదంతా. కోపం సగంలో ఆగిపోయింది.

పొద్దున నేనే వీధిలో ఇంటింటికీ వెళ్ళాను. ఆయన హాల్లో నిజం చెప్పబోతున్నాడని చెప్పాను. కొందరు మొహం మీదే తలుపేశారు. పాల వ్యాను అబ్బాయి వాళ్ళమ్మ మాత్రం ‘చెప్పనీ, ఎన్నాళ్ళు దాస్తాం’ అంది. ఇంటికొచ్చి ఆయనతో ‘ఊరందరికీ చెప్పేశాను, ఇక వెళ్ళకపోతే పిరికివాడంటారు’ అన్నాను. నావైపు చూసిన చూపు నువ్వు చూడాల్సింది.

నాకొకటే అర్థం కాలేదు. ‘ఏదీ దాచకు’ అని ఒకే ఉత్తరంలో రెండుసార్లు రాశావు. నువ్వు ఒకసారి చెప్పిన మాట మళ్ళీ చెప్పే రకం కాదు. నీకేం కాదుగా?

అక్క

*

బస్సు షెడ్డు వెనక వీధి

బావమరిదికి,

రాయనన్నాను, రాయకుండా ఉండలేకపోతున్నాను.

సభ అయింది. హాలు కిక్కిరిసిపోయింది. నువ్వు రాకూడదట కదా, అయినా నా కళ్ళు నీ కోసమే వెతికాయి. మీ పెద్దాయన తెరమీద ఊరి పటం వేసి చాలాసేపు చెప్పాడు. మా వీధి మీద గీత చూడగానే ఆడవాళ్ళు గొల్లుమన్నారు. నా పేరు పిలిచారు. లేచి మైకు దగ్గరికెళ్ళాను. తిప్పించింది నేనేనని, మిగతావాళ్ళు నా మాట విన్నారంతేనని చెప్పాను. మనవాళ్ళెవరూ తలెత్తలేదు. సిమెంటు బండివాడు మాత్రం లేచి నన్ను ఒక బూతు తిట్టి బయటికెళ్ళిపోయాడు. ఆ తిట్టు నాకు రావాల్సిందే.

మీ పెద్దాయన కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ‘ఈ సంగతి మా ఆఫీసులో ఎవరికైనా ముందే తెలుసా?’ అని అడిగాడు.

మీ అక్క వెనక వరసలో లేచి నిలబడింది. ఎందుకు నిలబడిందో నాకప్పుడు తట్టలేదు. నాకు నీ మాటే చెవుల్లో మోగుతోంది. ‘తెలుసండీ, మా బావమరిదికి ఆ మర్నాడే రాశాను’ అన్నాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని కలానికి మూత పెట్టాడు.

ఇంటికొచ్చే దారిలో బుర్ర వెలిగింది. బస్సు పక్కకు తీసి ఆపేశాను. మీ అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది. ‘నేను వాణ్ణి ముంచానా?’ అన్నాను. ‘వాడే ముంచమన్నాడు’ అంది.

నీకు ముందే తెలుసా? ఆ ప్రశ్న వస్తుందని తెలిసే రాశావా? లేదని రాయి. అబద్ధమైనా సరే రాయి.

నీ బావ

*

ప్లానింగ్ ఆఫీసు, కింది అంతస్తు, సైన్ బోర్డుల విభాగం

బావకు,

తెలుసు.

అడగకుండా ఉండరు. పెద్దాయన దగ్గర ఇన్నేళ్ళు పనిచేశాను, ఆయన ఏ కాగితానికి ఏ ప్రశ్న వేస్తాడో నాకు కంఠతా. నువ్వు ‘ఎవరికీ తెలీదు’ అని ఉంటే, తర్వాత నీ ఉత్తరం బయటపడిన రోజున నువ్వు చెప్పిన నిజం కూడా అబద్ధమైపోయేది. నేనే ముందు నోరు విప్పాల్సింది. విప్పలేక నీ చేత విప్పించాను. కాలవలో బండి సంగతి రాశావుగా, అది చదివిన రోజు ఆఫీసులో నావల్ల ఏ పనీ కాలేదు.

ఇప్పుడు నా పని, ఏ ఊరు ఎంత దూరమో చెప్పే బోర్డుల మీద అక్షరాలు ఎంత పెద్దవిగా ఉండాలో చూడటం. కారిడార్‌లో ఇక అడుగు పెట్టనివ్వరు. గది చల్లగా ఉంది, పక్క కుర్చీ ఆయన రోజంతా పాటలు పాడతాడు. నా గురించి బెంగపెట్టుకోకు.

ఇది మాత్రం జాగ్రత్తగా చదువు, వీధిలో అందరికీ చదివి వినిపించు. ఇందులో రహస్యమేమీ లేదు, పెద్దాయనే చెప్పమన్నారు. పర్మిట్ల జోలికి ఎవరూ రారు. లెక్క మళ్ళీ పెడతారు. ఈ నెలలోనే, కానీ ఏ రోజో, ఎన్ని రోజులో ఎవరికీ చెప్పరు. గుడారాలుండవు. హద్దు దాటితే గీత మీ వీధి మీదే ఉంటుంది, ఈసారి మార్పుండదు. అలాగని భయపడి బండ్లన్నీ ఇళ్ళలో పెట్టుకున్నారో, దాటేవాళ్ళే లేరని ఆసుపత్రికి కింద దారి కూడా ఎత్తేస్తారు. నిజమైన లెక్క హద్దుకు ఎంత దగ్గరుందో నాకూ తెలియదు.

బావా, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. నెలపాటు మామూలుగా బతకండి. అంతకంటే మీరు చేయగలిగిందేమీ లేదు.

నీ బావమరిది

*

బస్సు షెడ్డు వెనక వీధి

తమ్ముడూ,

మామూలుగా బతకమన్నావు. ఎంత తేలిగ్గా రాశావురా! మామూలుగా అంటే ఎలా ఉండేవాళ్ళమో ఊళ్ళో ఒక్కరికీ గుర్తు రాలేదు. దర్జీ ఆయన మా ఇంటికొచ్చి, ‘నేను రోజూ టీకి రోడ్డవతలికే వెళ్ళేవాణ్ణా అమ్మా?’ అని అడిగాడు. బడిలో మర్చిపోయిన గొడుగు కోసం మళ్ళీ రోడ్డు దాటడానికి భయపడి పంతులమ్మ వానలో తడిసింది. కొత్త మనిషి ఎవరు కనబడినా లెక్కపెట్టేవాడే. అద్దాల వ్యాపారి ఒకడు కూడలి దగ్గర కాసేపు కూర్చుంటే, దాటబోయిన ఆటోలు దాటకుండా వెనక్కి తిరిగాయి. మీ బావ వాళ్ళను ఆపి తిట్టి మళ్ళీ పంపాడు. ‘ఎవడి ట్రిప్పు వాడు వెయ్యండి, ఒక్కటి ఎక్కువొద్దు, ఒక్కటి తగ్గించొద్దు’ అని నెలంతా అరుస్తూనే ఉన్నాడు. గొంతు పోయింది.

ఒక మధ్యాహ్నం నాకు ఊపిరి అందలేదు. ఇదివరకటిలా కాదు, లోపల ఎవరో తలుపు మూసేసినట్టయింది. ఆయన భోజనానికి వచ్చి ఉన్నాడు. నన్ను ఎత్తుకుని ముందు సీట్లో కూర్చోబెట్టి తోలాడు. కూడలికొచ్చాం. టీ కొట్టు పక్కన ఎవరో ఒకాయన ఒళ్ళో అట్ట పెట్టుకుని ఏదో రాసుకుంటున్నాడు.

మీ బావ బ్రేకు తొక్కాడు.

రోడ్డు ఖాళీగా ఉంది. అటూ ఇటూ ఒక్క బండి లేదు. నేను మాట్లాడలేను, గాలి కోసం నోరు తెరుచుకుని ఆయన కాలు వైపు చూస్తున్నాను. ఆయన ఆ మనిషి చేతిలో పెన్ను వైపు చూస్తున్నాడు. ఇది ఆయన మామూలుగా వేసే ట్రిప్పు కాదు కదా, ఒకటి ఎక్కువ కదా. ఎంతసేపో చెప్పలేను. నాకు చాలాసేపు అనిపించింది. తర్వాత నావైపు తిరిగాడు. నేను చూస్తున్నానని చూశాడు. మొహం పాలిపోయింది. ఆపైన ఆసుపత్రి మెట్ల దాకా ఎలా తోలాడో నాకు తెలీదు.

నాకిప్పుడు బాగానే ఉంది. డాక్టరమ్మ ‘ఇంకాస్త ఆలస్యమైతే’ అంటూ మొదలుపెట్టి, ఆయన మొహం చూసి ఆపేసింది.

నిన్న మీ ఆఫీసు వాళ్ళొచ్చి మేకులు పీకేశారు. గీత పాత రోడ్డు మీదికే వెళ్ళింది. ఆసుపత్రికి కింద నుంచి దారి ఇస్తున్నారు. వీధిలో పిల్లలు కూడా గంతులేశారు. సిమెంటు బండివాడు వచ్చి మీ బావను కౌగిలించుకున్నాడు. నీ పేరు చెప్పుకుని అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నీకు మూడో అంతస్తు కుర్చీ తిరిగి ఇప్పించమని పెద్దాయనకు అర్జీ కూడా రాశారు. ఇవ్వరని నాకు తెలుసు, నీకూ తెలుసు.

మీ బావ మాత్రం వచ్చినవాళ్ళలో ఆఫీసరును పక్కకు తీసుకెళ్ళి, ఫలానా రోజు మధ్యాహ్నం ఆసుపత్రి వైపు దాటిన మినీబస్సు మీ లెక్కలో ఉందా అని అడిగాడట. ఆయన కాగితాలు తిరగేసి, ఆ రోజు అసలు లెక్కే పెట్టలేదన్నాడు. ఆ టీ కొట్టు మనిషెవరో వాళ్ళకు తెలియనే తెలియదు.

లోపలికొచ్చి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ‘ఆ రోజు లెక్కే లేదటే’ అని ఒకటే మాట. నేను పక్కన కూర్చుని వీపు మీద చెయ్యేస్తే పక్కకు జరిగాడు. నా బతుకు కోసం మొదలుపెట్టిన మనిషి, నా ముందు కూర్చుని అన్నం తినలేకపోతున్నాడు. నాకు ఆయన మీద కోపం లేదని చెప్పాను. వినడం లేదు. నిజంగా లేదా అంటే, ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ ఊపిరి ఆగుతుంది నాకు. అది కూడా నిజమే.

నువ్వు రాయి ఆయనకు. నా మాట లోపలికి వెళ్ళడం లేదు. ఏం రాస్తావో నాకు తెలీదు, ఆలస్యం మాత్రం చేయకు.

అక్క